బెంగళూరు మారతహళ్లి ఫెర్టిలిటీ క్లినిక్: గర్భసంచి ట్యూబుల సమస్య ఉన్నవాళ్లు ఒకసారి చదవండి

డాక్టరమ్మకి పదికి పది ఇస్తాను. ఇంతకుముందు వెళ్లిన చోట హెచ్‌ఎస్‌జీ (ట్యూబుల్లోకి డై పంపి తీసే ఎక్స్‌రే) ఫిల్మ్ సరిగ్గా చూడకుండానే ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ) ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. ఇక్కడ ఆవిడ అదే ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, డై ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో పెన్నుతో చూపిస్తూ, కుడి ట్యూబు చివర మూసుకుపోయి నీరు చేరింది, దీన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు, ఆ నీరు గర్భసంచిలోకి కారితే పిండం నిలవడం కష్టం, కాబట్టి లాప్రోస్కోపీలో, అంటే చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌లో, ఆ ట్యూబు తీసేసో క్లిప్ వేసో తర్వాత ఐవీఎఫ్‌కి వెళ్దాం అని తెలుగులోనే విడమరిచి చెప్పారు. ఎడమ ట్యూబులో డై మొదట్లోనే ఆగిందట, కండరం బిగుసుకున్నా ఒక్కోసారి అలా కనిపిస్తుంది కాబట్టి ఆపరేషన్‌లో మళ్లీ చూస్తామన్నారు. మన దేశంలో ట్యూబులు పాడవడానికి టీబీ కూడా ఒక ముఖ్య కారణం, దగ్గు లేకపోయినా. ఆ టెస్టూ రాశారు.

లోపం ఎవరిదని మా అత్తయ్య అడిగితే, "ఇన్ఫెక్షన్ చేసిన మచ్చమ్మా, అమ్మాయిని ఏమీ అనకండి, అబ్బాయికి కూడా టెస్టు చేయించండి" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు సగం టెన్షన్ పోయింది.

శనివారం మాత్రం రద్దీ ఎక్కువ, పార్కింగ్ లేదు. పాత రిపోర్టులే కాదు, ఫిల్మ్ కూడా తీసుకెళ్లండి.