మూడు కుట్ల కోసం కొన్న మిషన్

ఈ మిషన్‌లో పదమూడు రకాల కుట్లు ఉన్నాయని షాపతను వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఏడాదిన్నర కావస్తోంది, నేను వాడేవి మూడు. సాదా కుట్టు, జిగ్‌జాగ్, అప్పుడప్పుడు కాజా. పూలు, అలలు, త్రికోణాలు లాంటివన్నీ మొదటి రోజు మా అమ్మాయి ఒక పాత దిండు గలీబు మీద వరసగా వేసి చూసింది. ఆ గలీబు ఇంకా ఉంది. ఆ కుట్లు మళ్ళీ వేసింది లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. కొనే ముందు మూడు కంపెనీలవి చూశాను. పది నుంచి పదిహేను వేల లోపు దొరికే ఇంటి ఆటోమేటిక్ మిషన్లలో నాకు కనిపించిన తేడా రంగులోనే ఎక్కువ. కాబట్టి ఇక్కడ రాసేది ఆ రకం మిషన్ గురించి అనుకోండి. అదీ పాత బట్టలు విప్పి పిల్లలకి, నాకు కుట్టుకునే మనిషిగా చెబుతున్నాను. కొత్త గుడ్డతో జాకెట్లు కుట్టి ఆర్డర్లు చేసేవాళ్ళకి ఇది పనికొస్తుందా అంటే నేను చెప్పలేను.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. పిల్లల్ని, సర్టిఫికెట్లని, గ్యాస్ సిలిండర్‌ని మేడ మీదవాళ్ళింటికి చేర్చాం. అమ్మ నాకిచ్చిన కాళ్ళ మిషన్‌ని ఆ గాభరాలో ఎవరెత్తుతారు? అక్కడే వదిలేశాం. ఐదు రోజులు నీళ్ళలో నిలబడింది పాపం. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే నల్లటి మిషన్ మీద బంగారు రంగు పూల దాకా బురద గీత. బల్ల ప్లైవుడ్ ఉబ్బి మడతకాజాలా పొరలు పొరలుగా విచ్చుకుంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25,000లో ఫ్రిజ్ రిపేరుకి, పరుపులకి పోయింది పోగా, మిగిలినదానికి ఇంకొంత వేసి దీపావళి ముందు 11,400 పెట్టి ఇది కొన్నాను. పరుపుల కన్నా ముందు మిషన్ కొందామన్నాను గానీ, ఇంట్లో ఓట్లు రాలేదు.

పాత బట్టలే ఎందుకంటే, కొత్త గుడ్డ కుట్టడానికి మా వీధిలోనే ముగ్గురు టైలర్లున్నారు. పాత చీర పట్టుకెళ్ళి దీంతో పాపకి గౌను కుట్టమంటే మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట. "పాతది వద్దమ్మా, సూది పడితే చిరుగుద్ది. మళ్ళీ మీరు మా మీదకొస్తారు." వాళ్ళది తప్పనను. కుట్టే కూలి ఒకటే, విప్పే పని అదనం, పైగా మాట పడాలి. అదే నేను చింపుకున్నాననుకోండి, నన్ను నేను తిట్టుకుని ఊరుకుంటాను.

ముందుగా పలచటి నూలు సంగతి చెబుతాను, ఈ మిషన్‌ని నేను ఇష్టపడేది అక్కడే. అమ్మది ఆవపువ్వు రంగు మంగళగిరి చీర ఒకటుంది, నిజాం అంచు. పాతకాలం మంగళగిరి చీరకి ఒంట్లో బుటాలుండవు, సోకంతా అంచులోనే. అందుకే పిల్లల గౌనుకి అంత సుఖమైన గుడ్డ ఇంకోటి ఉండదు. ముక్కకీ ముక్కకీ డిజైను కలపాల్సిన బాధ లేదు, అంచుని కిందకి తెచ్చుకుంటే చాలు. కత్తెర పెట్టే ముందు చీరని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తాను. కుచ్చిళ్ళ దగ్గర, కాళ్ళకి రాసుకునే కింది అంచు పక్కన వలలాగా పలచబడిపోయి ఉంటుంది. పైట వైపు, లోపలికి పోయే మొదటి మీటరు ఇంకా గట్టిగా ఉంటాయి. గౌను ఒంటి భాగం, చంకలు అక్కడి నుంచే తీయాలి. పలచబడింది కుచ్చులకి వెళ్ళిపోవాలి, దాని మీద లాగుడు పడదు.

నల్ల మిషన్ మీద నాకు 16 నంబరు లావు సూది అలవాటు. ఆ సూదితో ఈ చీర కుడితే కుట్టు పొడవునా చిల్లులు పడి పోస్టాఫీసు స్టాంపుల షీటులా చిరుగుతుంది. కొత్త మిషన్‌కి 11 నంబరు సన్న సూది పెట్టి, టెన్షన్ మూడుకి తగ్గించి, ముందు ఒక పీలిక మీద కుట్టి చూసుకుని మొదలుపెట్టాను. వెన్న మీద నడిచినట్టు నడిచింది. టెన్షన్ అంటే పైదారం బిగువు మార్చే చక్రం, అంకెలు వేసి ఉంటాయి. పీలిక అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా కనిపిస్తే పైదారం వదులుగా ఉన్నట్టు, చక్రం పెంచాలి. గుడ్డ ముడుచుకుపోతే తగ్గించాలి. "నీ టెన్షన్‌కి కూడా ఇలాంటి చక్రం ఉందా?" అన్నాడు మా ఆయన. ఆయన జోకులు ఇలాగే ఉంటాయి.

ఆ గౌనుకి నడుం కింద అడ్డంగా రెండు మడతలు వేసి కుట్టాను, చిన్నప్పుడు మా పరికిణీలకి అమ్మ వేసినట్టే. ఈ సంక్రాంతికి ఒక మడత విప్పాను. విప్పిన చోట అడుగున దాక్కున్న రంగు కొత్తగా చారలా బయటపడింది, మిగతాదేమో ఉతుకులకి వెలిసింది. చార మీద సన్న లేసు వేసేశాను. అది మొదటి నుంచీ డిజైనే అనుకున్నారు మా ఆడపడుచు గారు. నేను సరిదిద్దలేదు.

రెండోది టీషర్టులు. అసలు నేను ఆటోమేటిక్ కొన్నదే వీటి కోసం. టీషర్టు గుడ్డ సాగుతుంది, సాదా కుట్టులో దారం సాగదు. అబ్బాయి మంచం దూకితే చాలు పటుక్కున తెగుతుంది. నల్ల మిషన్‌తో కుట్టిన నైట్ ప్యాంట్లు రెండు అలాగే పోయాయి. సన్న జిగ్‌జాగ్ వేస్తే కుట్టు కూడా గుడ్డతో పాటు సాగుతుంది. మా ఆయన టీషర్టు ఒకటి ఐదేళ్ళవాడికి ప్యాంటు అవుతుంది. టీషర్టు కింది అంచునే ప్యాంటు కాళ్ళ అంచుగా పెట్టి కత్తిరిస్తే అక్కడ మళ్ళీ మడిచి కుట్టే పని ఉండదు. నడుముకి ఎలాస్టిక్, అంతే, గంట పని. గుండె మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో అది వెనక జేబు మీదకి వస్తే వాడికి మహా సంతోషం.

అయితే మొదటి ప్యాంటు కుట్టినప్పుడు నాలుగు కుట్లకి ఒకటి ఎగిరిపోయింది. కొత్త మిషన్ అప్పుడే పాడైందని గుండె గుభేలుమంది. షాపుకి ఫోన్ చేస్తే డెమో ఇచ్చే అతను వారంలో వస్తాడన్నారు. పందొమ్మిదో రోజున వచ్చాడు. ఈలోపు రోజూ ఫోన్, రోజూ "రేపు పంపిస్తాం మేడమ్". వచ్చినతను మాత్రం మంచివాడు. మిషన్‌ని ముట్టుకోనే లేదు, సూది తీసి ఇంకో సూది పెట్టాడు. బాల్ పాయింట్ సూదట. మొన గుండ్రంగా ఉంటుంది, అల్లిక దారాల్ని పొడవకుండా పక్కకి తోసుకుని దిగుతుంది. ఆ తర్వాత ఒక్క కుట్టు ఎగరలేదు. ఇంత చిన్న విషయం డబ్బాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టొచ్చు కదా! ఉన్న పుస్తకం ఇంగ్లీషు, హిందీ. బొమ్మలు చూసి దారం ఎక్కించడం వరకూ వచ్చింది, మిగతాదంతా చెడగొట్టి నేర్చుకున్నదే.

బాబిన్లతో, అంటే అడుగుదారం చుట్టే చిన్న ఉండెలతో జాగ్రత్త. మిషన్‌తో నాలుగే ఇచ్చారు. రంగు రంగుకీ ఒకటి కావాలి కదా అని వన్ టౌన్‌లో లైనింగ్ గుడ్డకి వెళ్ళినప్పుడు చవగ్గా డజను తెచ్చాను. చూడ్డానికి అచ్చం అవే. మిషన్‌లో పెడితే అడుగున దారం పిచ్చుక గూడు కట్టేసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన బల్ల మీద నిలబెడితే తెలిసింది, ఎత్తులో వెంట్రుకంత తేడా. బాబిన్ కొనేటప్పుడు మీ పాత బాబిన్ ఒకటి పర్సులో వేసుకెళ్ళండి.

ఇక జీన్సు. ఇక్కడ ఈ మిషన్ చేతులెత్తేస్తుంది. ప్యాంటు పొట్టి చేయాలంటే కాలి అంచు మడవాలి. పక్క కుట్టు దగ్గర గుడ్డ అప్పటికే నాలుగు పొరలు, దాన్ని రెండు మడతలు మడిస్తే పన్నెండు. 16 సూది పెట్టినా, చేత్తో చక్రం తిప్పినా ఆ గుట్ట దగ్గరకి రాగానే మూలిగి ఆగిపోతుంది. రెండు సూదులు విరిగాక కొన్ని ఉపాయాలు పట్టాను. ఆ గుట్టని రోట్లో పచ్చడిబండతో నాలుగు దెబ్బలు వేస్తే కాస్త అణుగుతుంది. (బండని తర్వాత కడగండి, నీలం దిగుతుంది.) గుడ్డని నొక్కిపట్టే ఫుట్ గుట్ట ఎక్కేటప్పుడు వెనకవైపు దాని కింద అట్టముక్క మడిచి పెడితే ఫుట్ వాలిపోకుండా సమంగా ఉంటుంది. ఇవన్నీ చేస్తే ఒక ప్యాంటు అవుతుంది. జీన్సు సంచులు, బడి బ్యాగులు కుట్టాలని దీన్ని కొనేవాళ్ళు మాత్రం ఆగండి.

ఈ జీన్సు బాధ వల్లే నల్ల మిషన్ మళ్ళీ గుర్తొచ్చింది. అప్పటికి అది వరండాలో గోనె కప్పుకుని ఆరు నెలలుగా పడి ఉంది. పాత ఇనుము కింద వేసేద్దామని మా ఆయన రెండుసార్లు బేరం కూడా ఆడాడు. పైభాగం ఊడదీసి ఆటోలో గవర్నరుపేటలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చక్రం తిప్పి చూశాడు, కదల్లేదు. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టాడు. మూడో రోజు వెళ్తే, "తల నిక్షేపంలా ఉందమ్మాయ్, నీకు పోయింది బల్లే" అన్నాడు. అడుగున బాబిన్ కూర్చునే షటిల్ మార్చి, తుప్పు గీకి, నూనె పట్టించి 1,100 తీసుకున్నాడు. ఇంకో వంద అడిగినా ఇచ్చేదాన్ని. వరద తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయట ఆయన దగ్గరికి. మోటారు బిగించినవాటికి మోటార్లు మార్చాల్సి వచ్చిందిగానీ, తలలు మాత్రం దాదాపు అన్నీ బతికాయని చెప్పాడు. ఇప్పుడు జీన్సంతా దాని మీదే. కరెంటు పోయినా పని ఆగదు.

మరి కొత్తది దండగేనా అంటే కాదు. దీని పక్కనున్న ప్లాస్టిక్ పెట్టె లాగేస్తే సన్నటి చెయ్యిలాంటిది మిగులుతుంది. పిల్లల చొక్కా చేతులు, ప్యాంటు కాళ్ళు గుండ్రంగా దానికి తొడిగి కుట్టొచ్చు. కాళ్ళ మిషన్ మీద ఆ పని చేసి, అడుగు గుడ్డని కూడా కలిపి కుట్టేసి, మళ్ళీ విప్పినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. బరువు తక్కువ, అన్నాలయ్యాక తినే బల్ల మీద పెట్టుకుని, అయిపోగానే అలమరాలో పెట్టేస్తాను. చప్పుడు మాత్రం ఉంది. పిల్లలు పడుకున్నాక అడుగున తుండు మడిచి వేసుకుంటాను.

కాజాలు బాగానే వేస్తుంది, చొక్కా గుడ్డ అయితే. నాలుగు మెట్లుగా చక్రం తిప్పుకుంటూ వెయ్యాలి. కానీ పాత బట్టల్లో ఆ అవసరం కూడా తక్కువే. మా ఆయన చొక్కా కాలరు చిరిగితే ముందు కాలరు విప్పి తిరగేసి కుడతాను, దాంతో ఇంకో ఏడాది నడుస్తుంది. ఆ తర్వాత అబ్బాయికి చొక్కా అవుతుంది. ముందు పట్టీని గుండీలు, కాజాలతో సహా అలాగే ఉంచి, దాని చుట్టూ వాడి కొలతలు గీస్తాను. చీరలకి పికో మాత్రం దీని జిగ్‌జాగ్‌తో రాదు. వచ్చినట్టు కనిపిస్తుంది, ఒక ఉతుక్కి పీచు లేస్తుంది. ఆ పని వీధి చివర పికో అతనికే ఇస్తాను.

డబ్బాలో నాకు మిషన్ కన్నా ఎక్కువ పనికొచ్చింది ఒకటుంది, కుట్లు విప్పే చిన్న కొక్కెం కత్తి. అమ్మ బ్లేడుతో విప్పేది, ఎన్ని చీరలకి చిల్లులు పడ్డాయో. దీంతో ఒకవైపు నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున తెంపుకుంటూ పోయి, రెండోవైపు దారం పట్టి లాగితే మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. సీరియల్ చూస్తూ ఒక చొక్కా విప్పేస్తాను. గుండీలు, జిప్పులు హార్లిక్స్ సీసాలోకి. మరీ చిన్న పీలికలు అత్తయ్య గారికి, ఆవిడ బొంత కుడుతున్నారు. చేత్తోనే కుడతారు, మిషన్ బొంతలో వెచ్చదనం ఉండదంటారు.

ఈ మిషన్‌కి పదికి ఏడు ఇస్తాను. ఇంట్లో ఇప్పటికే కాళ్ళ మిషన్ ఉండి, దాన్ని అమ్మకుండా పక్కన ఇది కొనేవాళ్ళకైతే ఎనిమిదిన్నర. షాపులో కుట్లు ఎన్ని రకాలో అడక్కండి. ఒక టీషర్టు ముక్క, ఒక జీన్సు ముక్క, పలచబడిన పాత చీర ముక్క సంచిలో వేసుకెళ్ళి అక్కడే కుట్టి చూపించమనండి.

నల్ల మిషన్ తలని ప్రస్తుతానికి పాత బడి బెంచీకి రంధ్రం చేయించి బిగించాం, కాస్త ఊగుతుంది. దానికి సరైన టేకు బల్ల చేయించాలి. వడ్రంగి వచ్చే వారం వస్తానన్నాడు. పోయిన నెలా అదే మాట అన్నాడు.