ఇంటి నుంచి రాత్రి ఎమర్జెన్సీ స్కాన్లు: ఆరేళ్ల తర్వాత

నేను రేడియాలజిస్టుని, అంటే స్కాన్లు చూసి రిపోర్టు రాసే డాక్టర్ని. రాజమండ్రిలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని, రాత్రి 9 నుంచి తెల్లవారి 5 దాకా చిన్న ఊళ్ల ఆసుపత్రుల ఎమర్జెన్సీ సీటీ స్కాన్లు చదవడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. "ఇంట్లో కూర్చుని ఉద్యోగం, హాయి కదమ్మా" అంటారు పక్కింటి పిన్నిగారు. బస్సెక్కే పని లేదు, క్యాంటీన్ టీ తాగే ఖర్మ లేదు. అంతవరకు హాయే.

ముందు సామాను సంగతి. మొదటి ఏడాది మామూలు మానిటర్‌తో నెట్టుకొచ్చాను, తప్పు చేశాను. మెడికల్ గ్రేడ్ మానిటర్ కొన్నాక గానీ బూడిద రంగులో ఎన్ని ఛాయలు నా కంటబడకుండా పోతున్నాయో తెలిసిరాలేదు. యూపీఎస్, రెండు కంపెనీల నెట్ లైన్లు తప్పనిసరి. అయినా అసలు చిక్కు అవతలి ఒడ్డున, స్కాన్ పంపే ఆసుపత్రిలో ఉంటుంది. ఛాతీ సీటీ అంటే నాలుగు వందల స్లైసులు (ఒంటిని అడ్డంగా ముక్కలు కోసినట్టు కనిపించే బొమ్మలు), ఒక్కోటి అర ఎంబీ, మొత్తం 200 ఎంబీ. అక్కడి అప్‌లోడ్ నత్తనడకైతే నా ఫైబర్ ఏం చేస్తుంది? పక్షవాతం కేసులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువే నాలుగున్నర గంటలు. అందుకే టెక్నీషియన్లకు చెప్పిపెట్టాను: తల సీటీలో లెక్కకు తక్కువుండే మందం స్లైసులు ముందు పంపండి, సన్నవి తర్వాత.

నాకు ఒళ్లు మండేది స్కాన్ ఎందుకో రాసి పంపే రిక్వెస్ట్ ఫారం చూస్తే. "కడుపు నొప్పి" అని రెండే మాటలు. ఎటు పక్క, ఎన్నాళ్లుగా, ఏమీ ఉండదు. ఒకసారి పది నిమిషాలు అపెండిక్స్ కోసం వెతికి వెతికి ఫోన్ చేస్తే, "అది చిన్నప్పుడే తీసేశారంట మేడమ్" అన్నాడు అవతలి టెక్నీషియన్.

రెండేళ్ల కిందట బైకు మీంచి పడ్డ కుర్రాడి తల సీటీ వచ్చింది. బ్రెయిన్ విండోలో, అంటే మెదడు బాగా కనబడేలా బూడిద ఛాయలు సర్దిన చూపులో, ఏమీ లేనట్టే ఉంది. ఎముక బాగా కనబడే బోన్ విండోలోకి మారిస్తే కుడి కణత ఎముకలో వెంట్రుకంత గీత. విండో కాస్త వెడల్పు చేసి చూస్తే, ఆ గీత కిందే పుర్రెకు అంటుకుని సన్నటి తెల్లటి పట్టీ. ఎక్స్‌ట్రాడ్యూరల్, అంటే పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తస్రావం. టైము 1:50. ఆసుపత్రి ల్యాండ్‌లైన్ మోగి మోగి ఆగిపోయింది. టెక్నీషియన్ సెల్‌కు చేశాను.

"ఆ అబ్బాయా మేడమ్? బాగానే ఉన్నాడు, బయట టీ తాగుతున్నాడు. బిల్లు కట్టి వెళ్లిపోతామంటున్నారు."

ఈ రకం రక్తస్రావంలో మొదట్లో మనిషి అలాగే బాగానే తిరుగుతాడు, మోసమంతా అక్కడే. "ముందు ఆ టీ మాన్పించు, పరగడుపున ఉంచు, ఫోన్ డ్యూటీ డాక్టరుకివ్వు" అన్నాను. నాలుగింటికి మళ్లీ తీస్తే పట్టీ మందం రెట్టింపయింది. కాకినాడ పంపించారు. తర్వాత ఏమైందో నాకు తెలీదు. మనం చదివిన స్కాన్ ఏ ఒడ్డుకు చేరిందో ఎవరూ చెప్పరు, ఈ పనిలో నాకు నచ్చని వాటిల్లో ఇదే పెద్దది.

అప్పట్నుంచి ప్రాణం మీదికొచ్చేది ఏది కనిపించినా ముందు ఫోన్, తర్వాతే రిపోర్టు. ఎవరితో చెప్పాను, ఎన్ని గంటలకు చెప్పాను అన్నది రిపోర్టులోనే రాస్తాను. ఈ పనిలో చేరాలనుకునేవాళ్లు స్కానుకు ఎంతిస్తారని తర్వాత అడగండి, రాత్రి రెండింటికి అక్కడ ఫోన్ ఎవరెత్తుతారో ముందు అడగండి. డ్యూటీలో ఉండేవాళ్ల సొంత నంబర్లు ఇవ్వమంటే నసిగే చోట నేను ఒప్పుకోను.

నేనైతే ఇంకో రెండేళ్లు చేస్తాను, పగటి నిద్ర సంగతి తేలితే. కూరగాయల ఆటో మైకు సరిగ్గా ఎనిమిదింటికి మా గేటు ముందే మోగుతుంది.