ఆటిజంతో బీటెక్ ముగించాక కెరీర్ కోచింగ్: ఏడాదిన్నర వాడిన నా రివ్యూ

కట్టిన డబ్బుకి తగ్గ పని జరిగిందా అంటే, జరిగింది. కాకపోతే కోచింగ్ అమ్మేటప్పుడు వాళ్ళు చెప్పేదొకటి, నాకు అక్కరకొచ్చింది ఇంకొకటి.

నాకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవడం కష్టమయ్యే పరిస్థితి) ఉన్నాయని తేలింది బీటెక్ మూడో ఏడాదిలో. మా కాలేజీ హైదరాబాద్ శివార్లలో. అక్కడ సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాలకి శిక్షణ) క్లాసులు అందరికీ ఒకటే మూస. ఆప్టిట్యూడ్, కోడింగ్ రౌండ్లు గట్టెక్కేవాణ్ణి, గ్రూప్ డిస్కషన్ (జీడీ)లోనో హెచ్‌ఆర్ దగ్గరో ఆగిపోయేవాణ్ణి. ట్రైనర్ ఎప్పుడూ ఒకటే మాట: "కాన్ఫిడెంట్‌గా ఉండు, కళ్ళలోకి చూసి మాట్లాడు." కళ్ళలోకి చూస్తే అవతలివాళ్ళు చెప్పేదాంట్లో సగం నా బుర్రకెక్కదు, అదీ సమస్య. పాసవుట్ అయ్యాక మా అక్క ఈ కోచ్‌ని వెతికి పెట్టింది. ఆన్‌లైన్‌లో, ఒక్కరికే క్లాసు, గంట లెక్కన ఫీజు.

మొదటి కొన్ని సెషన్లలో కోచ్ మేడం రెజ్యూమే జోలికే వెళ్ళలేదు. ఏ టైంలో బాగా పని చేస్తాను, ఏ శబ్దాలు పడవు, పని మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ దార్లో పడటానికి ఎంతసేపు పడుతుంది, ఇవే అడిగారు. మా నాన్నకి ఇది సుతరామూ నచ్చలేదు. సెషన్ అయిపోగానే తలుపు తీసి "ఉద్యోగం ఎప్పుడొస్తుందట?" అనేవారు.

అసలు లాభం జాబ్ డిస్క్రిప్షన్ల దగ్గర మొదలైంది. అందులో రాసినవన్నీ ఉంటేనే అప్లై చేయాలనుకునేవాణ్ణి. మేడం ఒక ప్రకటన స్క్రీన్ మీద పెట్టి, ప్రతి లైనుకీ రంగు వేయించారు: తప్పక కావాల్సింది, ఉంటే మంచిది, అందరూ రాస్తారని రాసింది. జావా, ఎస్‌క్యూఎల్ మొదటి రంగు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి వాడే సెలీనియం రెండోది. "డైనమిక్ పర్సనాలిటీ", "మల్టీటాస్కింగ్" మూడోది. నేను ఏళ్ళ తరబడి భయపడినవి దాదాపు అన్నీ మూడో రంగులోనే పడ్డాయి. అలాగే, హెచ్‌ఆర్ "ఊరికే క్యాజువల్‌గా మాట్లాడదాం" అంటే అదీ ఒక రౌండేనని నాకు ఎవరూ చెప్పలేదు, మిగతా పిల్లలకి చెప్పక్కర్లేకుండానే తెలిసినట్టుంది.

తర్వాత, ఆటిజం సంగతి కంపెనీకి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న. మేడం తేల్చకుండా నాకే వదిలేశారు. చెప్పదలిస్తే మాత్రం జబ్బు చరిత్ర అంతా రాయొద్దు, ఏం కావాలో అది రాయి అన్నారు. ఇద్దరం కలిసి రాసిన మెయిల్‌లో ఉన్నవి రెండే కోరికలు: ప్రశ్న అడుగుతూనే చాట్‌లో కూడా టైప్ చేయండి, ఇద్దరు ఇంటర్వ్యూయర్లుంటే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. కొందరు జవాబే ఇవ్వలేదు. ఒక హెచ్‌ఆర్ ఫోన్ చేసి "మందులు వాడుతున్నావా?" అని అడిగాడు. అడిగినట్టే చేసిన కంపెనీ కూడా చివరికి నన్ను తీసుకోలేదు. కానీ జీవితంలో మొదటిసారి ఒక ఇంటర్వ్యూలో అన్ని ప్రశ్నలూ అర్థమయ్యాయి, ఆ తేడా నాకు తెలుసు. మైక్రోసాఫ్ట్ 2015లోనే ఆటిజం ఉన్నవాళ్ళ కోసం మామూలు ఇంటర్వ్యూ బదులు కొన్ని రోజులపాటు పని చేయించి చూసే పద్ధతి పెట్టింది. మన ప్లేస్‌మెంట్ సెల్స్ మాత్రం ఇంకా జీడీ దగ్గరే ఉన్నాయి.

చట్టం విషయంలో కోచింగ్ బలహీనం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కోటా వర్తిస్తుంది. అందులోనూ ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నీ కలిపి పంచుకునేది 1 శాతమే. ప్రైవేటు కంపెనీలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలన్న నిబంధన ఉంది. ఇవన్నీ నేనే తవ్వుకున్నాను. ఇప్పుడు అప్లై చేసే ముందు కంపెనీ సైట్‌లో ఆ విధానం ఉందా అని చూస్తాను. లేకపోతే మెయిల్ ఎలా రాయాలో మళ్ళీ ఆలోచిస్తాను.

ఇంకొన్ని లోపాలు. మేడంకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి పెద్దగా తెలియదు, టెక్నికల్ మాక్ ఇంటర్వ్యూలు సీనియర్ల దగ్గరే చేసుకోవాల్సి వచ్చింది. రిఫరెన్సులు ఆశించొద్దు. ప్యాకేజీలో అంటగట్టిన గ్రూప్ సెషన్లు శుద్ధ దండగ, గదినిండా మ్యూట్‌లో కూర్చున్న మనుషులు. నా సలహా అడిగితే, ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టొద్దు. మొదటి సెషన్‌లోనే "ఆటిజం కనపడకుండా చేస్తాం" అనే కోచ్ దగ్గర రెండో సెషన్ తీసుకోవద్దు.

ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో వచ్చింది, ఇంటికిచ్చిన అసైన్‌మెంట్ చూసి పిలిచారు. కోచింగ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం చేరాక జరిగింది, దీని గురించి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. మేనేజర్ "వీలైనప్పుడు చూడు" అంటే నాకు తారీఖు కనపడదు. "ఈరోజు సాయంత్రానికా, శుక్రవారానికా?" అని రెండు అవకాశాలిచ్చి అడగమన్నారు మేడం. ఆ ఒక్క వాక్యంతో మా మేనేజర్‌తో సగం తలనొప్పులు పోయాయి. ఆయనే ఇప్పుడు పని అప్పగించే టికెట్‌లో తారీఖు వేసి పంపుతున్నారు.

ప్రస్తుతానికి నెలకో సెషన్‌కి తగ్గించాను. ప్రొబేషన్ అయ్యాక అదీ మానేస్తాను.