అరకుకు టెంపో ట్రావెలర్: కిలోమీటరు రేటు చూసి మోసపోకండి

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రానూ పోనూ, మధ్యలో బొర్రా గుహలు, అటు చాపరాయి వాగు కలుపుకున్నా రెండు రోజుల ట్రిప్పు 300 దాటడం కష్టం. ట్రావెల్స్ వాళ్ళ లెక్క మాత్రం వేరు. ఊరు దాటిన టెంపో ట్రావెలర్‌కు, అంటే అద్దె మినీ బస్సుకు, రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస మొత్తం కడతారు, అది మామూలుగా 250 గానీ 300 గానీ ఉంటుంది. 300 మినిమం అంటే రెండు రోజులకు 600 కిలోమీటర్ల డబ్బు. బండి తిరిగేది అందులో సగమే. అందుకే "కిలోమీటరుకు రెండు రూపాయలు తగ్గించాను సార్" అన్న మాటకు ఈ దారిలో పెద్ద విలువ లేదు. రోజు మినిమం ఎంత, రోజు అంటే 24 గంటలా లేక అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకానా, ముందుగా తేల్చాల్సింది ఇవి. క్యాలెండర్ రోజు పద్ధతిలో రెండో రాత్రి పన్నెండు దాటాక ఇంటి ముందు దిగితే మూడో రోజు మినిమం కూడా పడుతుంది.

అరకుకు కిలోమీటర్ల లెక్క మాని గంపగుత్తగా ఒక మొత్తం మాట్లాడుకోవడమే మేలు. డీజిల్, డ్రైవర్ బేటా (అతని రోజువారీ భత్యం), పార్కింగ్, టోల్ అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. చూసే చోట్ల పేర్లు కూడా అందులోనే ఉండాలి. "లోకల్ సైట్ సీయింగ్" అని ఊరికే రాస్తే, చాపరాయి దగ్గరికి వచ్చేసరికి "అది ఎక్స్‌ట్రా" అంటారు. కిలోమీటర్ల లెక్కే కుదిరితే మీటరు రీడింగ్ ట్రావెల్స్ వాళ్ళ షెడ్డు నుంచి మొదలవుతుందా, మీరు ఎక్కిన చోటు నుంచా అడగండి. షెడ్డు నుంచి షెడ్డుకు లెక్క అయితే ఆ దూరం రెండు వైపులా మీ ఖాతాలోకే వస్తుంది. బయలుదేరేటప్పుడూ దిగేటప్పుడూ మీటరు ఫొటో తీసుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చే బృందాలు అక్కడి నుంచే బండి తెచ్చుకుంటాయి. మా లెక్కలో అది నష్టం బేరం. వెళ్ళడానికే 600 కిలోమీటర్లకు పైన. వేరే రాష్ట్రంలో తిరగడానికి బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రంతా నడిపిన డ్రైవర్ తెల్లారి ఘాట్ ఎక్కాలి. రాత్రి రైల్లో విశాఖ చేరి అక్కడి బండి ఎక్కితే ఆ బాధ ఉండదు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దారిలో వారానికి రెండు మూడు సార్లు తిరిగే డ్రైవర్‌కు ఏ మలుపులో ఎదురు బస్సు కనిపించదో, ఎక్కడ ఫోను సిగ్నల్ పోతుందో, ఆదివారం బొర్రా పార్కింగ్ ఏ వేళకు నిండుతుందో తెలుసు.

సీట్ల విషయంలో పొరపాటు ఎక్కువగా జరిగేది సామాను దగ్గర. 12 సీట్ల బండిలో 12 మంది కూర్చుంటే 12 సూట్‌కేసులకు చోటుండదు, వెనక డిక్కీ చిన్నది. పైన క్యారియర్ ఉందో లేదో, ఉంటే టార్పాలిన్, తాడు ఇస్తారో లేదో అడగండి. ఘాట్‌లో వాన చెప్పి రాదు. 14, 15 మందికి 17 సీట్ల బండి సుఖం. 26 సీట్లది పొడుగు బండి. హెయిర్‌పిన్ మలుపుల్లో నెమ్మదిస్తుంది, రద్దీ రోజున తిప్పుకోవడమే ఒక పని. 22 మంది ఉంటే రెండు చిన్న బండ్లు ఖర్చు ఎక్కువైనా నయం, ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది.

అడ్వాన్స్ పంపే ముందు బండి నంబరు అడిగి ప్రభుత్వ రవాణా శాఖ యాప్ ఎం పరివాహన్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి ఎంత చవకైనా వద్దు. అద్దెకు తిప్పుతూ ప్రమాదమైతే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. బండి వచ్చాక టైర్ల గాడులు, స్టెప్నీలో గాలి, జాకీ చూడండి. అడగడానికి మొహమాటపడే పని కాదిది.

శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. నిండు బండి ఎక్కేటప్పుడు చాలామంది డ్రైవర్లు ఏసీ ఆపుతారు. కంప్రెసర్ ఇంజన్ బలాన్ని కొంత లాగేస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. కిటికీ తీస్తే వచ్చే గాలే చల్లగా ఉంటుంది కనుక దీని మీద గొడవ అనవసరం. గొడవ పడాల్సింది దిగేటప్పుడు. మంచి డ్రైవర్ సెకండ్ గేరులో, ఇంజన్ పట్టుతో దించుతాడు. న్యూట్రల్‌లో వదిలినా, బ్రేకు మీద కాలు తీయకుండా దించినా బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. కాలిన వాసన వస్తే వెంటనే వెడల్పు చోటు చూసి ఆపించి, చల్లారనివ్వండి.

వాంతులు వెనక వరసలోనే ఎక్కువ. ఆ సీట్లు వెనక చక్రాలు దాటి ఉంటాయి, ప్రతి మలుపుకూ ఊపు రెట్టింపు. పెద్దవాళ్ళను, పిల్లలను ముందుకు మార్చండి. మాత్ర వేసుకునేది మలుపుల్లో కాదు, శృంగవరపుకోటలో టిఫిన్ దగ్గర, ఘాట్‌కు అరగంట ముందు. పూరీలు మానేసి ఇడ్లీతో సరిపెట్టుకుంటే మంచిది.

రైలూ బండీ కలిపితే ఖర్చు తగ్గదు కానీ ట్రిప్పు బాగుంటుంది. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు ఉదయం 7 లోపే విశాఖలో బయలుదేరుతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే సీజన్లో చాలా ముందే బుక్ చేసుకోవాలి. సామాను బండిలో వేసి డ్రైవర్‌ను రోడ్డున పంపండి. అందరూ చేసినట్టు అరకు దాకా వెళ్ళి వెనక్కి రావద్దు. బొర్రా గుహలు స్టేషన్లోనే దిగితే గుహలు చూసేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. కటికి జలపాతానికి మాత్రం మినీ బస్సు పోదు, అక్కడి జీపులే దిక్కు.

బసల్లో టూరిజం వాళ్ళ హరిత రిసార్టులకు ఆవరణ పెద్దది, పెద్ద బండి నిలపడానికి ఇబ్బంది ఉండదు. టైడాలోని జంగిల్ బెల్స్ అడవి మధ్య ప్రశాంతంగా ఉంటుంది కానీ అరకుకు బాగా ముందే వస్తుంది, రెండో రోజు మళ్ళీ ఘాట్ ఎక్కాలి. ఊళ్ళోని లాడ్జీలు చవక, వాటి ముందు పార్కింగే సమస్య. ఎక్కడ దిగినా డ్రైవర్‌కు పడక ఉందా అని గదులు మాట్లాడేటప్పుడే అడగండి. డిసెంబరు చలిలో సీటు మీద ముడుచుకు పడుకున్న మనిషి చేతిలోనే పొద్దున్న స్టీరింగు పెట్టాలి మరి.

పాడేరు వైపున్న వంజంగి కొండ మేఘాలు, లంబసింగి మంచు కూడా కావాలంటే మూడో రోజు కలపాల్సిందే. అరకులో పడుకుని తెల్లవారుజామున రెండింటికి లేచి వంజంగి పరుగెత్తే ప్లాన్లు చాలా కనిపిస్తాయి. పగలంతా నడిపిన డ్రైవర్‌తో, మంచులో, అది ప్రమాదం. ముందు రోజు సాయంత్రమే పాడేరు చేరి పడుకోండి. వంజంగి కొండ కిందే మినీ బస్సు ఆగుతుంది, పైకి స్థానిక జీపు, తర్వాత నడక. వాటి డబ్బు ప్యాకేజీలో ఉండదు. అక్కడి నుంచి లంబసింగి చూసి నర్సీపట్నం మీదుగా దిగితే అనంతగిరి ఘాట్ మళ్ళీ పట్టక్కర్లేదు. ఈ దారి బుకింగ్ రోజే చెప్పండి, మధ్యలో మారిస్తే రేటూ మారుతుంది.

డ్రైవర్ తీసుకెళ్ళే కాఫీ పొడి దుకాణంలో అతనికి కమీషన్ ఉండొచ్చు. కొనాలని లేకపోతే ముందే చెప్పేయండి, నొచ్చుకోరు. వెదురు బొంగులో వండే బొంగు చికెన్ మాత్రం అతను చూపించిన చోటే తినండి. నిప్పుల మీద మగ్గడానికి సమయం పడుతుంది కనుక, ముందే ఫోను చేసి చెప్పించుకుంటే ఘాట్ మీది గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆకలితో ఎదురుచూడక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో సాయంత్రం 5 లోపు గాలికొండ దాటితే చీకటి, మంచు పడకముందే కిందికి చేరతారు.