అనంతగిరికి బెల్టులతో, శ్రీశైలానికి బోల్టులతో

మా ఇసుజు వి-క్రాస్ పికప్ బండి తొట్టిలో ఒక పాప్-అప్ క్యాంపర్ ఉంటుంది. నడిపేటప్పుడు కప్పు కిందకి దిగి ఉంటుంది, ఆగాక పైకి లేపితే చుట్టూ కాన్వాస్ గోడలు నిలబడతాయి. ఇద్దరం పడుకోవచ్చు, టీ కాచుకోవచ్చు. ఎత్తుగా గట్టి డబ్బా కట్టించుకోమని చాలామంది చెప్పారు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద ఒక్కసారి వెళ్లి చూస్తే ఆ మాట ఎవరూ అనరు. కప్పు దించి ఉన్నా ఒకచోట ఊడ వచ్చి గీకింది.

మొదటి ప్రయాణం అనంతగిరికి. క్యాంపర్ తయారు చేసిన షాపువాళ్లు దాన్ని తొట్టికి కట్టడానికి నాలుగు రాట్చెట్ బెల్టులు, అంటే పిడి ఆడించి బిగించే పట్టీలు, ఇచ్చి, "లారీలకే ఇవి వాడతారు సార్, ఏం కాదు" అన్నారు. హైదరాబాద్ మెహదీపట్నంలో పొద్దున ఆరుకి బయల్దేరాం. మన్నెగూడ దగ్గర టీకి ఆగి వెనక్కి వెళ్లి చూస్తే క్యాంపర్ డబ్బా ఎడమకి నాలుగు వేళ్లు జరిగి ఉంది. చక్రం మీది గుబ్బకి దాని అంచు ఒరుసుకుంటోంది. ఒక బెల్టు తొట్టి అంచు దగ్గర పోగులు లేచింది. మా ఆవిడ ఏమీ అనలేదు, టీ గ్లాసు పట్టుకుని అలా చూసింది. ఆ చూపు ఇంకా గుర్తుంది. అక్కడి నుంచి వికారాబాద్ దాకా ముప్ఫై దాటకుండా నడిపాను.

అనంతగిరిలో టూరిజం వాళ్ల హరిత రిసార్ట్‌లో గది తీసుకుని బండి ఆవరణలోనే పెట్టుకున్నాం. నీళ్లకి, బాత్రూమ్‌కి ఇబ్బంది లేదు. అడవి బాగుంది, అనంత పద్మనాభస్వామి గుడి నడిచేంత దూరం. కానీ ఆదివారం మాత్రం వద్దు, సిటీ సగం అక్కడే ఉంటుంది. కోట్‌పల్లి చెరువులో కయాకింగ్ బాగుంది. ఒడ్డున నీడ లేదు కాబట్టి క్యాంపర్ వేసుకుని కూర్చునే చోటు కాదు, పొద్దున్నే వెళ్లి పదింటికల్లా వచ్చేయాలి.

తిరిగొచ్చాక షాపుకి ఫోన్ చేస్తే రెండు రోజులు "పంపిస్తాం సార్" అన్నారు, మూడో రోజు ఎత్తలేదు. వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బండి కింద దూరి చూసి, "అన్నా, గుంతల పడ్డప్పుడు డబ్బ కిందికి దబ్బున దిగుతది, బెల్టు లూజైతది. గప్పుడే పక్కకు జరుగుతది. మల్ల కింద ప్లాస్టిక్ పరిచినవ్, జారక ఏం జేస్తది?" అన్నాడు. షాపువాళ్లకి లేని జ్ఞానం ఇది.

ముందు ప్లాస్టిక్ లైనర్ తీసేశాం, మందపాటి రబ్బర్ మ్యాట్ పరిచాం. డబ్బాకీ చక్రాల గుబ్బలకీ మధ్య ఖాళీలో చెక్క దిమ్మలు పెట్టాం. అసలు పట్టు మాత్రం నాలుగు మూలల్లో టర్న్‌బకిల్స్‌ది, అంటే మధ్య భాగం తిప్పితే రెండు చివర్లూ దగ్గరికొచ్చి బిగిసేవి. రాణిగంజ్‌లో ఐ బోల్టులు (తల దగ్గర రింగు ఉండేవి), నైలాక్ నట్లు (లోపల నైలాన్ ఉండి త్వరగా వదులవనివి), టర్న్‌బకిల్స్ కొన్నాను. కొక్కెం ఉన్న టర్న్‌బకిల్స్ వద్దని మేస్త్రి ముందే చెప్పాడు. డబ్బా ఎగిరి కూర్చుంటే కొక్కెం ఊడి వచ్చేస్తుంది, రెండు వైపులా పిన్నుతో మూసుకునేవే కావాలి. తొట్టి రేకు పల్చన. బోల్టుకి కింద ఉత్త వాషర్ వేస్తే రేకు చిరుగుతుంది. అందుకని అడుగున అరచేయంత ఇనుప ప్లేటు వేశాడు. ముందు రెండూ ముందుకి, వెనక రెండూ వెనక్కి లాగేలా కాస్త ఏటవాలుగా బిగించాడు. బ్రేక్ వేసినా ఎత్తు ఎక్కినా ఏదో ఒక జత పట్టి ఉంటుంది.

క్యాబిన్‌కి కూడా ఒక తాడు కడదామా అన్నాను. కుదరదన్నాడు. చాసీ (బండి అడుగు చట్రం) మీద క్యాబిన్, తొట్టి విడివిడిగా ఊగుతాయి. రెండింటికీ కలిపి కడితే ఘాట్‌లో ఏదో ఒకటి చిరుగుతుంది. చాసీకి వెల్డింగ్ పెట్టనివ్వలేదు నేను. ఆర్సీలో ఉన్న రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. చివర్లో ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి పసుపు పెయింట్‌తో ఒక గీత గీశాడు. గీత విరిగితే నట్టు తిరిగినట్టు. ధర్మకాంటా మీద తూకం కూడా వేయించాం. నీళ్లు నలభై లీటర్లు అంటే నలభై కిలోలు, ఆ క్యాన్లు క్యాబిన్ వైపే పెట్టాలి.

రెండో ప్రయాణం శ్రీశైలం, హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు దిగి తుక్కుగూడలో చూస్తే ముందు కుడి టర్న్‌బకిల్ అర చుట్టు వదులైంది. రబ్బర్ అణిగినందువల్ల అంతే, బిగించి, మళ్లీ తిరగకుండా ఆపే చెక్ నట్ వేశాను. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరుకి తెరుస్తారు. అమ్రాబాద్ పులుల అడవిలో ఎక్కడ పడితే అక్కడ ఆగి డేరా లేపుదామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోండి. దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరి మలుపుల్లో అద్దంలోంచి వెనక్కే చూస్తూ నడిపాను. డబ్బా కదలలేదు.

నిజం చెప్పాలంటే శ్రీశైలానికి క్యాంపర్ దండగ. పార్కింగ్‌లో రాత్రంతా హారన్లు, పక్క బస్సుకి తగులుతుందేమోనని కప్పు లేపడానికే భయం. సత్రంలో గది దొరికితే హాయిగా అక్కడే పడుకోండి.

తిరుగు దారిలో కొల్లాపూర్ మీదుగా సోమశిల వెళ్లాం. అక్కడా హరిత కాటేజీలు ఉన్నాయి, మేం మాత్రం ఒక రైతు పొలం గట్టున ఆగాం. మూడొందలు ఇచ్చాం, బోరు నీళ్లు, కల్లంలో జాగా, తెల్లారి జొన్నరొట్టె. కప్పు లేపితే ఎదురుగా కృష్ణ. మొత్తంలో మళ్లీ వెళ్తానంటే ఇక్కడికే. రైతు డబ్బా చుట్టూ తిరిగి టర్న్‌బకిల్ పట్టుకుని ఊపి చూసి, "ఎడ్లబండికి గింత బందోబస్తు చెయ్యం సారూ" అన్నాడు.

ఇంటికొచ్చి టార్చ్ వేసి చూశాను. మూడు గీతలు సరిగ్గా ఉన్నాయి. వెనక ఎడమది వెంట్రుక వాసి పక్కకి జరిగింది. వచ్చే ఆదివారం ఆటోనగర్ వెళ్లాలి.