కడపలో కొన్న పదిరెట్ల భూతద్దం: ఒక పెంకు పురుగుతో పరీక్ష

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఒక సైన్సు పరికరాల దుకాణంలో 350 రూపాయలకు కొన్న మడత భూతద్దం, పాలకొండల దారిలో దొరికిన నల్లటి పెంకు పురుగుకు ఫోనులోని పురుగుల్ని గుర్తుపట్టే యాప్ ‘ఐరన్‌క్లాడ్’ అని పేరు పెట్టినప్పుడు నాకు నిజంగా అక్కరకు వచ్చింది. కారు చక్రం ఎక్కినా చావదని పేరుపడ్డ ఆ పురుగు అమెరికా పశ్చిమ ప్రాంతానిది. 2020 నాటి పరిశోధన ప్రకారం తన బరువుకు సుమారు 39,000 రెట్ల ఒత్తిడిని తట్టుకుంటుంది. మన రాళ్లగుట్టల్లో అది తిరగదు గాని, చూసి తేల్చుకోవడమే మేలనిపించింది.

ముందు, నడిమి కాళ్ల పాదాలలో ఐదేసి, వెనక పాదాలలో నాలుగేసి కణుపులు స్పష్టంగా కనిపించాయి. అయితే ఆ లెక్క ఐరన్‌క్లాడ్‌ల జోఫెరిడే కుటుంబానికీ, ‘డార్క్‌లింగ్’ పెంకు పురుగుల టెనెబ్రియోనిడే కుటుంబానికీ కూడా సరిపోతుంది. రెక్కల కవచాలు అతుక్కుపోయి ఎగరలేని పురుగులు రెండింటిలోనూ ఉన్నాయి. తేడా స్పర్శశృంగాల్లో (తల మీది మీసాల్లో) తేలింది: ఐరన్‌క్లాడ్‌కు అవి పొట్టిగా, కొస గుబ్బగా ఉంటాయి, నా పురుగుకు మాత్రం పూసల దండలా సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. కనుక అది టెనెబ్రియోనిడే; జాతి దాకా వెళ్లడం ఈ అద్దం పని కాదు.

అంచుల్లో కాస్త రంగులు చిమ్మడం, వారానికే మర వదులు కావడం దీని లోపాలు. మర సంగతి చెబితే దుకాణదారు ‘మీరే బిగించుకోండి సార్’ అన్నాడు.