సంత స్వెట్టర్‌కి నరసాపురం లేసు: మూడు చలికాలాల వాడకం తర్వాత

ఈ మాఘంతో నా మెరూన్ స్వెట్టర్‌కి మూడు చలికాలాలు నిండాయి. మా ఒడిశా వైపు సెమిలిగుడ సంతలో గుట్టగా పోసి అమ్మే పాత స్వెట్టర్లలోంచి 80 రూపాయలకి ఏరుకున్నాను. చేతులు, మెడ బాగానే ఉన్నాయి. అడుగంచు దగ్గర మాత్రం పురుగు కొట్టిన చిల్లులు మూడు, పైగా పొడవు తక్కువ. పొయ్యి దగ్గర వంగితే నడుముకి చలిగాలి కొట్టేది. అమ్మ పంపిన లేసు వేసి ఆ చిల్లులు కప్పాను, పొడవు పెంచాను. కొరాపుట్ కొండల మీద మాకు స్వెట్టర్ అంటే పండక్కి తొడిగేది కాదు. సాలూరు దగ్గర ఫ్యాను వేసుకునే రోజుల్లో కూడా ఘాటెక్కి ఇక్కడికొస్తే సాయంత్రానికి శాలువా కావాలి. డిసెంబరు రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగిపోతుంది. కాబట్టి ఇది రోజూ వాడి రాస్తున్న మాట.

ముందు లేసు సంగతి. మా అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. అక్కడి ఆడవాళ్లు ఇంటి పని అయ్యాక అరుగు మీద కూర్చుని క్రోషా సూదితో నూలు దారం అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, ఇప్పుడు పూర్తిగా మన వాళ్ల చేతి పని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు మెత్తన, ఒంటికి గుచ్చుకోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ అది నూలు. స్వెట్టర్ సాగినట్టు సాగదు, మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, నీళ్లు బాగా పీల్చుకుంటుంది. నాకు ఎదురైన ప్రతి ఇబ్బందీ ఈ మూడింటి దగ్గరే మొదలైంది.

మొదటిసారి దర్జీకి ఇచ్చాను. స్వెట్టర్‌ని బల్ల మీద పరిచి, అడుగంచు ఎంతుంటే అంత, అంటే 36 అంగుళాల లేసు కత్తిరించి మిషను మీద తిన్నటి కుట్టు వేసేశారు. చూడ్డానికి చక్కగా ఉంది. ఇంటికొచ్చి తల మీంచి తొడుక్కుంటే ఛాతీ దగ్గరే ఆగిపోయింది. కొంచెం లాగేసరికి కుట్లు పటపటమని తెగాయి. ఎంత బాధపడ్డానో! అప్పుడు విజయనగరం నుంచి వచ్చి ఉన్న మా పిన్ని దాన్ని తిప్పి చూసి, "సాగే గుడ్డకి సాగని లేసు బిగించి కుడితే దారం తెగకేం చేస్తుందే?" అంది. రెండోసారి కుట్టింది మేమిద్దరం కూర్చుని, చేత్తోనే.

ఈసారి కొలత అడుగంచుది కాదు, నాది తీసుకున్నాం. స్వెట్టర్ దిగేటప్పుడు దాటాల్సిన అన్నిటికన్నా వెడల్పైన చోటు ఎంతో చూసి, దాని మీద ఇంకో నాలుగు అంగుళాలు కలిపి, 44 అంగుళాల లేసు కత్తిరించాం. అంచుని నాలుగు సమాన భాగాలు చేసి పిన్నీసులు పెట్టాం, లేసుకీ అలాగే. పిన్నీసుకి పిన్నీసు కలిపితే మిగిలిన లేసు నాలుగు వైపులా సమానంగా సన్నని కుచ్చులా సర్దుకుంది. కుట్టు తిన్నగా వేయకుండా, ఒకసారి స్వెట్టర్ మీదికి ఎక్కి, ఒకసారి లేసు మీదికి దిగుతూ ఏటవాలుగా, వదులుగా వేశాం. ఐదారు కుట్లకొకసారి అంచు పట్టుకుని లాగి చూడాలి. దారం బిగుసుకుంటే అప్పుడే విప్పెయ్యాలి. నూలు దారం కన్నా పాలిస్టర్ దారం నయం, త్వరగా తెగదు. ఇంట్లో మిషను ఉంటే జిగ్‌జాగ్ కుట్టు కూడా సాగుతుంది, కానీ స్వెట్టర్ అల్లికలోకి మొన సూది దిగితే అల్లిక పోగులు తెగుతాయి. మొన గుండ్రంగా ఉండే సూది అడిగి కొనుక్కోవాలి.

చిల్లుల్ని ఊరికే లేసుతో కప్పేస్తే సరిపోదు. చిల్లు చుట్టూ జారిన అల్లిక పోగుల్ని ముందు దారంతో పట్టి ముడెయ్యాలి. లేకపోతే లోపల చిల్లు పెరుగుతూనే ఉంటుంది, మనకి కనబడదు.

కుట్టడానికి ముందు రెండూ ఉతికి తీరాలి. లేసుని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేస్తే మీటరుకి ఒక అంగుళం పైనే తగ్గింది. కుట్టాక తగ్గి ఉంటే అంచంతా ముడుచుకుపోయేది. మెరూన్ రంగు మూడు ఉతుకుల దాకా దిగుతూనే ఉంది. తడి తెల్లగుడ్డతో రుద్ది, గుడ్డకి రంగంటనప్పుడే గోధుమవన్నె లేసు దగ్గరికి తెచ్చాను. స్వెట్టర్ ఉన్నో కాదో తెలుసుకోవడానికి లోపలి అతుకు దగ్గర నుంచి ఒక పోగు తీసి కాల్చాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అయింది, కానీ మధ్యలో చిన్న గట్టి పూస తగిలింది. అంటే ఉన్నిలో కొంత కృత్రిమ దారం కలిసిందన్న మాట. ఉన్ని ఎక్కువుంది కాబట్టి వేడినీళ్లు, గట్టిగా పులమడం రెండూ మానేశాను. చల్లటి కుంకుడు పులుసులో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తుతాను.

మొదటి చలికాలంలో ఒక తప్పు చేశాను. తీగ మీద ఆరేశాను. తడిసిన లేసు బరువుకి అడుగంచు సాగి అలలు అలలుగా అయిపోయింది. మళ్లీ తడిపి, మంచం మీద పరిచి, చేత్తో దగ్గరికి సర్ది నీడలో ఆరేస్తే చాలావరకు కుదుటపడింది. అప్పటినుంచి పరిచే ఆరేస్తున్నాను. ఇక్కడి మంచుకి రెండు రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి.

మణికట్టు దగ్గర లేసు మాత్రం వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. ముచ్చటపడి రెండు చేతులకీ వేశాను. గిన్నెలు తోమితే తడుస్తుంది, కుక్కర్ పిడికి తగులుకుంటుంది, పసుపు మరక పట్టిందంటే వదలదు. రెండో చలికాలం మధ్యలో విప్పేశాను. ఆఫీసుకి మాత్రమే తొడిగేవాళ్లకి పర్లేదేమో కానీ, ఇంటిపని చేసే చేతులకి అది పనికిరాదు.

మెడకి ముందు సగానికే వేశాను, వెనక సగం వదిలేశాను, తల దూరడానికి సాగాలి కదా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఉన్ని మెడ దగ్గర గుచ్చుకుని ఎర్రగా అయ్యేది. లేసు అంచుని లోపలికి ఒక అరంగుళం మడిచి కుట్టేసరికి చర్మానికి తగిలేది నూలు అయింది. దురద పోయింది. మా ఎదురింటి ఒడియా అమ్మాయి, నన్ను మావుసీ, అంటే పిన్ని, అని పిలుస్తుంది, తన స్వెట్టర్ మెడకి అచ్చం ఇలాగే వేయించుకుంది.

వెచ్చదనం గురించి నిజం చెప్పాలంటే, అడుగున వేసిన లేసు చలి ఆపదు. కన్నాల్లోంచి గాలి వస్తుంది. నేను కుర్తా మీద వేసుకుంటాను కాబట్టి సరిపోతోంది. చీర మీద వేసుకునే వాళ్లు లేసు వెనక పాత మెత్తటి నూలుగుడ్డ పట్టీ వేసుకుంటే మంచిది. బండి మీద పొట్టంగి వైపు పోయే రోజుల్లో నేను ఇది తొడగను, ఒడిశాలోనే ఉన్న చంద్రగిరి టిబెటన్ల దగ్గర కొన్న మందపాటి స్వెట్టరే.

మూడేళ్లకి పరిస్థితి ఇదీ: మోచేతుల దగ్గర ఉన్ని ఉండలు కట్టింది, సంచి రాసుకునే ఎడమవైపు ఒక జానెడు కుట్టు మళ్లీ వేశాను. లేసు మాత్రం ఒక్క పోగు తెగలేదు. వానాకాలం నాలుగు నెలలూ ఎండు వేపాకుతో గుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచుతాను, కొత్త చిల్లు పడలేదు.

మొన్న సంతలో మా అమ్మాయికి ఆకుపచ్చది ఒకటి దొరికింది. పోగు కాల్చి చూశాను, మొత్తం కృత్రిమమే, గట్టి పూసలా అయింది. అమ్మ పంపిన లేసులో రెండు మీటర్లు మిగిలి ఉంది. రాత్రే నానబెట్టాను. ఆరాక అమ్మాయిని నిలబెట్టి కొలత తీస్తాను.